కొరియా నెత్తళ్లు

మొన్న ఆదివారం మా ఆవిడ అద్దాల బీరువా దులుపుతూ, ఈ చెత్తంతా ఎవరికైనా ఇచ్చేద్దామా అని అడిగినప్పుడు నాకు ఒళ్లు మండింది గానీ, ఆవిడ చేతిలో ఉన్న బ్రెజిల్ చెక్కచిలుకనీ, తోక విరిగిన గ్రీసు గుర్రాన్నీ, ఎప్పుడో ఆగిపోయిన జపాను గడియారాన్నీ చూసేసరికి ఆ కోపం ఎటుపోయిందో పోయింది. సరుకు ఓడల్లో ఖలాసీగా దేశాలు తిరిగినవాణ్ణి, రేవు రేవుకీ ఏదో ఒక గుర్తు తెచ్చుకున్నాను. మన ఈడువాళ్లకి చెప్పక్కర్లేదు, అప్పట్లో ఫారిన్ నుంచి మనిషి దిగాడంటే వీధి వీధంతా వాడి పెట్టె చుట్టూ మూగేది. అయితే నా మనసుకి అన్నిటికన్నా దగ్గరైనది ఆ బీరువాలో లేదు, ఉండే వీలూ లేదు, ఎందుకంటే దాన్ని మేం పులుసు పెట్టుకు తినేశాం.

శ్రీకూర్మానికి దగ్గర్లో సముద్రపొడ్డున మా ఊరు. నాన్న వేటకి పోయేవాడు, అమ్మ ఆ చేపల్ని ఇసకలో ఎండేసి, గంపకెత్తి, ఆమదాలవలస బజారులో అమ్ముకొచ్చేది. ఎండు నెత్తళ్ల విషయంలో అమ్మ తరవాతే ఎవరైనా. నాన్నతో పడవెక్కాల్సిన కొడుకు ఓడెక్కుతాననడం ఆవిడకి మొదట్నుంచీ మింగుడుపడలేదు. మొదటి ప్రయాణం నుంచి వస్తూ, తోటివాళ్లంతా తమ తల్లులకి కొంటున్నారు కదా అని నేనూ సింగపూరులో ఒక సెంటు సీసా కొని, వీధంతా చూస్తుండగా గొప్పగా ఆవిడ చేతిలో పెట్టాను. తెల్లారి లేస్తే ఎండుచేపల్లో చేతులుండే మనిషికి సెంటు ఇస్తే ఏమనుకుంటుందో తోచలేదు, వట్టి వెర్రిబాగులవాణ్ణి! పక్కింటి పెద్దమ్మ పకపకా నవ్వింది. అమ్మ మొహం మాడిపోయింది.

“నా కంపు నీకు పడనేదేట్రా?” అంది, అంతే. నేను మళ్లీ ఓడెక్కేదాకా నాకు అన్నం పెట్టింది గానీ పలకరించలేదు. వెళ్లొస్తానమ్మా అంటే గోడవైపు తిరిగింది. సముద్రం మీద ఉన్నన్నాళ్లూ ఆ వీపే కళ్లముందు ఉండేది, ఈసారి వెళితేనైనా మాట్లాడుతుందా లేదా అన్నదే నా బెంగ.

ఆ ప్రయాణంలో మా ఓడ కొరియాలో బుసాన్ రేవుకి చేరింది. చలికి వణుక్కుంటూ బజారులోకి వెళ్లానా, అక్కడ ఆడవాళ్లు తలకి గుడ్డలు చుట్టుకుని, ఎండు నెత్తళ్లు గుట్టలుగా పోసుకు కూర్చున్నారు! అచ్చం మా ఇంటి వాసన. ఒకావిడని ధర తగ్గించమని సైగ చేస్తే, పోరా అన్నట్టు చెయ్యి విదిలించింది చూడండి, ఆ విదిలింపు అచ్చు మా అమ్మదే. నాకు నవ్వొచ్చింది, కళ్లనీళ్లూ వచ్చాయి. సంచీనిండా కొన్నాను. నా గదిలో ఉండే మలయాళీ, ఆ వాసన భరించలేక, నన్నూ నా చేపల్నీ కలిపి సముద్రంలో పడేస్తానని ఇల్లు చేరేదాకా బెదిరిస్తూనే ఉన్నాడు పాపం.

ఇంటికొచ్చి, ఆ సంచీ అమ్మ ముందు పెట్టి, పక్కన నిలబడ్డాను. ఆవిడ ఒక నెత్తల్ని తీసి వాసన చూసింది, గోటితో నడుం విరిచింది, నోట్లో వేసుకుని నిదానంగా నమిలింది.

“ఇసకే నేదురా,” అంది. “ఉడకేసి ఎండేసినారు. ఎవులో గాని, పనిమంతురాలు.”

ఇక ఆ నోటికి అడ్డులేదు. అవి అమ్మిన కొరియా ఆవిడ నేలమీద కూర్చుంటుందా, పీటమీదా, అంత చలిలో చేపలెలా ఎండుతాయి, పిల్లలెందరు, మొగుడు తాగుతాడా అని ఒకటే ప్రశ్నలు. మర్నాడు గుప్పెడు నెత్తళ్లు కొంగున ముడేసుకుని బజారుకి పోయి, మా వోడు తెచ్చినాడని గంపగంపకీ చూపించిందట. మిగిలినవాటిని వంకాయలేసి పులుసు పెట్టింది. మళ్లీ నేను బయల్దేరిన రోజున మొట్టమొదటిసారి స్టేషను దాకా వచ్చి, ఆ కొరియా ఆవిడకి ఇమ్మని మన నెత్తళ్ల మూట నా చేతిలో పెట్టింది. మా ఓడ మరెప్పుడూ ఆ రేవుకి పోలేదు. అయినా, ఆవిడ తిని ఏటందని అమ్మ అడిగితే, మహా బాగున్నాయందని చెప్పేశాను, ఆ అబద్ధానికి నాకేం బాధ లేదు.

ఇప్పుడు ఏ దేశపు సరుకైనా ఫోనులో నొక్కితే గుమ్మంలోకి వస్తోంది, మంచిదే, కాదనను. కానీ తెచ్చినదాన్ని వాసన చూసి, గోటితో విరిచి, దాన్ని చేసిన మనిషి ఎలాంటిదో తేల్చి చెప్పే మా అమ్మ మాత్రం లేదు.