హీరోగారి తల్లి వేషం

నేను ఏడో తరగతిలో ఉండగా మా హీరో ఒక సినిమాలో డిగ్రీ ఆఖరి సంవత్సరం చదువుతుండేవాడు. నేను డిగ్రీలో చేరినప్పుడు కూడా ఆయనది ఆఖరి సంవత్సరమే. నేను డిగ్రీ పాసై, పెళ్ళి చేసుకుని, మిషిగన్‌లో ట్రాయ్ అనే ఊళ్ళో కాపురం పెట్టి, కూతుర్ని కని, ఆ కూతురు హైస్కూల్‌కి వచ్చేసరికి కూడా ఆయన అదే కాలేజీ గేటులోంచి బైక్ మీద దూసుకొస్తున్నాడు. పాపం, ఏ సబ్జెక్టు తప్పాడో ఎవరూ చెప్పరు. ఆయన పేరు నేను రాయను. ఆ వరసలో నలుగురైదుగురు ఉన్నారు, మీకు తోచినవాణ్ణి అనుకోండి.

మా హీరో అన్నాను గానీ, నిజానికి ఆయన మా ఆయన హీరో. మా ఆయన కార్ల సీట్లు డిజైన్ చేసే ఇంజనీరు. ఎవరి నడుముకి ఎంత ఆనుపు కావాలో లెక్కలు కట్టే బుద్ధిమంతుడు. ఆ హీరో సినిమా వస్తోందంటే మాత్రం ఆ బుద్ధి అంతా గాలికి పోతుంది. 2012లో వచ్చిన సినిమాకి వారం ముందు నుంచీ ఇంటికొచ్చే జంక్ మెయిల్‌ని ష్రెడ్డర్‌లో వేసి మూడు సంచుల కాగితం ముక్కలు పోగుచేశాడు. గురువారం మధ్యాహ్నం సెలవు పెట్టి, సాయంత్రం ప్రీమియర్‌కి మమ్మల్ని కూడా తీసుకెళ్ళాడు. తెర మీద హీరో బూటు కనపడగానే సంచులు గాల్లోకి లేచాయి. ఆట అయ్యాక థియేటర్ మేనేజర్, ఎవరి మీదా గొంతు పెంచని పెద్దాయన, మా వాళ్ళందరికీ తలా ఒక చీపురు ఇచ్చాడు. మాస్టర్స్ డిగ్రీలున్న ఇరవై మంది ఇంజనీర్లు సీట్ల కింద దూరి ఊడుస్తుంటే, ఆ సినిమా మొత్తంలో నాకు నచ్చిన సీను అదొక్కటే.

ఆట మధ్యలో మా అమ్మాయి నా చెవిలో అడిగింది, ఆ అంకుల్ ఆ కాలేజ్‌లో ప్రొఫెసరా అని. కాదమ్మా స్టూడెంట్ అన్నాను. అది కాసేపు ఆలోచించి, మరి ప్రొఫెసర్ ఎందుకు అంత యంగ్‌గా ఉన్నాడు అంది. హీరోయిన్ ఆయన మొదటి సినిమా వచ్చేనాటికి పుట్టనే లేదు. అది మామూలే. నాకు చిర్రెత్తుకొచ్చింది తల్లి పాత్ర చూసి. పదిహేనేళ్ళ కిందట అదే హీరోతో వానలో తడుస్తూ పాటలు పాడినావిడే ఇప్పుడు తెల్ల జుట్టు పెట్టుకుని, మంచం మీద నుంచి "బాబూ" అని దగ్గుతోంది. ఆవిడ ఆయనకన్నా ఎనిమిదేళ్ళు చిన్నది. తనకన్నా ఎనిమిదేళ్ళు పెద్దవాణ్ణి ఏ ఆసుపత్రిలో కన్నదో ఆ దర్శకుడే చెప్పాలి.

ఆ శనివారం మా బేస్‌మెంట్‌లో, ఇంటికో వంటకం తెచ్చుకునే పాట్‌లక్ పెట్టుకున్నాం. పులిహోర అయ్యేలోపే వాదన మొదలైంది. వయసైపోయిన హీరోలు ఇంక పక్కకి తప్పుకోవాలని నేనన్నాను. నటించొద్దని కాదు, తన వయసు పాత్రలు వేసుకోవచ్చు కదా అని. మా ఆయన ఒంటికాలి మీద లేచాడు. ఆ ఎనర్జీ ఈ కుర్రాళ్ళలో ఎవరికుందన్నాడు, ఆయన డ్యాన్స్‌లో గ్రేస్ చూడమన్నాడు. మగవాళ్ళందరూ తలలూపారు. అందరూ నలభై దాటినవాళ్ళే. మరి ఆ పాత హీరోయిన్‌కి మాత్రం తల్లి వేషం ఎందుకిచ్చారని అడిగితే, చాలా మామూలుగా, ఆవిడకి వయసైపోయింది కదా అన్నాడు. నేను పులిహోర గిన్నె తీసుకుని మెట్లెక్కి వంటింట్లోకి వచ్చేశాను.

ఇక్కడ నా సంగతి కాస్త చెప్పాలి. ట్రాయ్‌లో మా తెలుగువాళ్ళందరం ప్రతి ఉగాదికీ ఒక స్కూల్ ఆడిటోరియంలో చేరతాం. బయట మంచు ఇంకా కరగదు, లోపల పట్టుచీరలు, ఉగాది పచ్చడి. అక్కడ ఏటా ఒక నాటకం వేస్తాం. రాసేది నేను. హీరో మా ఆయన. మొదటి నాటకం 2002లో. అప్పుడు నాకు ముప్ఫై ఒకటి, హీరోయిన్‌ని నేనే. ఆఫీసులో రోజంతా సాఫ్ట్‌వేర్‌లో తప్పులు వెతికే నేను స్టేజీ ఎక్కితే ఇంకో మనిషినైపోయేదాన్ని. మూడేళ్ళు చేశాను. ఆ తర్వాత పిల్లతో రిహార్సల్స్‌కి కుదరక ఒక ఏడు మానేశాను. ఆ ఏడు మాస్టర్స్ చదువుకోడానికి వచ్చిన ఒక అమ్మాయి చేసింది. మరుసటేడు ఇంకో అమ్మాయి. ఆ అమ్మాయిలు చదువు అయిపోగానే ఉద్యోగాలకి వెళ్ళిపోయేవారు. కొత్తవాళ్ళు వచ్చేవారు, ఇరవై రెండేళ్ళవాళ్ళు. మా ఆయన మాత్రం ఎక్కడికీ వెళ్ళలేదు. నేను తెర వెనక నిలబడి డైలాగులు అందించే మనిషినయ్యాను. మళ్ళీ స్టేజీ ఎక్కాలని నాకు ఎంత ఉండేదో ఎవరికీ చెప్పలేదు, ఎవరూ అడగలేదు.

ఆ సినిమా చూసొచ్చిన మరుసటేడు నాటకానికి మా బేస్‌మెంట్‌లోనే పాత్రలు పంచుకుంటున్నాం. ఎప్పుడూ తల్లి వేషం వేసే ఆవిడ, భర్త ఉద్యోగం మారి వేరే రాష్ట్రంలోని మోరిస్‌విల్ వెళ్ళిపోయింది. ఇప్పుడు తల్లి ఎవరని అందరూ ఒకరి మొహాలు ఒకరు చూసుకున్నారు. మా ఆయన స్క్రిప్టులోంచి తల ఎత్తకుండానే, "నువ్వే చెయ్యి. నీకు డైలాగులు వచ్చు కదా," అన్నాడు.

ఒళ్ళు మండిపోయింది. నాకు నలభై రెండు, మీకు నలభై ఏడు అని పదిమందిలో అరుద్దామనుకున్నాను. అరిచే ముందు ఆధారం కోసం స్క్రిప్టు తిరగేశాను. మొదటి పేజీలో పాత్రల జాబితా ఉంది. హీరోయిన్, ఇరవై రెండేళ్ళు. తల్లి, తెల్ల జుట్టు, దగ్గు. హీరో అని ఉంది, వయసు లేదు. అంతా నేను రాసిందే. ఆ దగ్గు కూడా నేనే రాశాను. ఏ దర్శకుడూ నా మెడ మీద కత్తి పెట్టలేదు. పదకొండేళ్ళుగా మా ఆయనకి ఒంటి చేత్తో వయసు ఆపేసిన రచయిత్రిని నేనే. ఇంక ఎవరి మీద అరవను? చేస్తానన్నాను.

ఆ ఏడు హీరోయిన్ కరీంనగర్ నుంచి వచ్చిన అమ్మాయి. ఇరవై మూడేళ్ళుంటాయి. ప్రేమ డైలాగులు తడుముకోకుండా చెప్పేది గానీ, సీను అవగానే "అంకుల్, వాటర్ తాగుతారా?" అని అడిగేది. అంకుల్ అనొద్దని మా ఆయన రెండుసార్లు చెప్పాడు. మరేమనాలని అడిగితే ఆయనకీ తోచలేదు. రెండో వారం రిహార్సల్‌లో, డ్యూయెట్ దగ్గర, ఆ పిల్ల ఆగిపోయి నా వైపు తిరిగింది.

"ఆంటీ, నాతోని కాదు. అంకుల్ మా డాడీ కన్నా రెండేళ్ళే చిన్న. మీరు హీరోయిన్ చెయ్యండి, నేను అమ్మ వేస్తా. పౌడర్ ఎవరు పూసుకున్నా జుట్టు తెల్లగనే అయితది కదా."

బేస్‌మెంట్‌లో అందరూ నవ్వారు. నేను నవ్వలేదు. ఆ పిల్ల అన్నదాంట్లో తప్పేముంది? నలభై ఏడేళ్ళ మనిషి రంగు పూసుకుని ఇరవై ఐదు అయినప్పుడు, ఇరవై మూడేళ్ళ పిల్ల పౌడర్ పూసుకుని అరవై కావడానికి ఏం అడ్డం? ఆ మాట ఎవరో ఒకరు అనాలని ఎన్నేళ్ళుగా ఎదురుచూశానో అప్పుడు తెలిసింది. మా ఆయన వైపు చూశాను. ఆయన స్క్రిప్టు చుట్ట చుట్టి, మళ్ళీ విప్పి, జనం నవ్వుతారన్నాడు. అంతటితో రిహార్సల్ అయిపోయింది.

అందర్నీ పంపించి ఆ అమ్మాయిని అపార్ట్‌మెంట్ దగ్గర దింపాం. తిరిగొచ్చేటప్పుడు కారులో నేను నోరు మూసుకోలేదు. జనం నా మొహం చూసి నవ్వుతారా, మీ మొహం చూసి నవ్వుతారా అని అడిగాను. పదకొండేళ్ళ కిందట నవ్వారా అని అడిగాను. ఆయన ఎదురు చెప్పలేదు, అదే నాకు కొత్త. సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు రోడ్డు వైపే చూస్తూ అన్నాడు.

"నువ్వు పక్కన నిలబడితే నా వయసు తెలిసిపోతుంది."

ఇన్నేళ్ళూ హీరోయిన్ వయసు తగ్గేది జనం కోసం అనుకున్నాను. ఆ హీరోలు కూడా ఎవరి పక్కన నిలబడటానికి భయపడుతున్నారో అప్పుడు అర్థమైంది. పెళ్ళయి పంతొమ్మిదేళ్ళు, నేను పక్కనే నిలబడి ఉన్నాను. ఈ మనిషికి అది ఇలా కనపడుతోందా అని కోపం వచ్చింది, జాలి కూడా వేసింది. ఆయన గొంతులో బతిమాలడం వినపడింది. ఈ ఒక్క ఏడూ ఇలా కానివ్వు అన్నాడు. సరే అన్నాను. నా మీద నాకే అసహ్యం వేసింది గానీ సరే అన్నాను. ఆ అమ్మాయికి నచ్చజెప్పి, డ్యూయెట్‌లో ఇద్దరూ స్టేజీకి చెరో చివర నిలబడేట్టు మార్చాను. చూసినవాళ్ళు మోడర్న్‌గా ఉందన్నారు.

ఉగాది రోజు నా జుట్టుకి ఒక డబ్బా పౌడర్ పట్టింది. నా నాలుగు డైలాగులూ, ఆరు దగ్గులూ సిద్ధం చేసుకున్నాను. మూడో సీనులో హీరో విలన్‌ని పట్టుకోడానికి బయల్దేరుతూ తల్లి కాళ్ళకి దణ్ణం పెడతాడు. కట్టుకున్న భర్త చేత కాళ్ళకి దణ్ణం పెట్టించుకునే భాగ్యం ఎంతమందికి దక్కుతుంది! మా ఆయన ఊపుగా వచ్చాడు, ఒక మోకాలు నేల మీద ఆన్చి వంగాడు. నేను దీవించాను. ఆయన లేవలేదు. దీవెన ఇంకోసారి చెప్పాను. లేవలేదు. తల కొంచెం ఎత్తి, పళ్ళ మధ్య నుంచి, "పట్టేసింది," అన్నాడు.

ఆ మొహం నేను మర్చిపోలేను. నాలుగు వందల మంది ఎదురుగా, రంగు పూసిన మొహం మీద చెమట, కళ్ళలో భయం. ఇప్పుడు అందరికీ తెలిసిపోతుందన్న భయం. ఎగతాళికి అంతకన్నా మంచి అవకాశం నాకు జన్మలో రాదు. నాకు నవ్వే రాలేదు. "లే నాయనా, ఒక్కసారి ఈ తల్లి గుండెకి హత్తుకుని వెళ్ళు," అని స్క్రిప్టులో లేని డైలాగు ఒకటి కొట్టి, రెండు చేతులూ ఆయన చంకల కింద పెట్టి లేపాను. ఆయన బరువంతా నా మీదే పడింది. నా నడుము కలుక్కుమంది. నిజంగానే దగ్గు వచ్చింది. అలాగే పట్టుకుని, వీపు నిమురుతూ, ఆయన కాళ్ళ మీద నిలదొక్కుకునేదాకా వదల్లేదు. హాలంతా చప్పట్లు. ముందు వరసలో ఎవరో కళ్ళు తుడుచుకున్నారు. తల్లి ప్రేమ అనుకున్నారు.

తెర పడ్డాక ఆయన కుంటుకుంటూ వచ్చి నా పక్కన కుర్చీలో కూలబడ్డాడు. నేను జుట్టులో పౌడర్ దులుపుకుంటున్నాను.

"వచ్చే ఏడు హీరోయిన్ నువ్వే," అన్నాడు.

"మరి హీరో ఎవరు?"

ఆయన మోకాలు రుద్దుకుంటూ నా వైపు చూశాడు.

"నేనే. తెలిసిపోతే తెలిసిపోనీ."