బాలింతకు పగటి నిద్ర

మా ఇంట్లో పగలు పడుకునే హక్కు ఒక్క మా నాన్నకే ఉండేది. గడ్డపోతారంలో ఒక మందుల కంపెనీలో ఆయనకు నెలలో సగం రోజులు నైట్ షిఫ్టే. పొద్దున్నే వచ్చి స్నానం చేసి, చప్పుడు వినపడకుండా చెవుల్లో దూది పెట్టుకుని, తలకు తువ్వాలు చుట్టుకుని, వెనక గదిలో దుప్పటి ముసుగు తన్నేవాడు. ఇక సాయంత్రం దాకా ఇంట్లో చీమ చిటుక్కుమనడానికి వీల్లేదు. ఆయనను కన్న మా నాయనమ్మ ఆ గది గడప ముందు పీట వేసుకుని, చేతికర్ర ఒళ్లో పెట్టుకుని కూర్చునేది. కుక్కర్ కూత పెడితే మా అమ్మకు తిట్లు. కూరగాయల బండాయన మా వాకిలి ముందుకు రాగానే అరుపు మింగేసి, టమాటాల ధర వేళ్లతో చూపించేవాడు.

తొంభైల చివర్లో తొలి కాన్పుకు నేను వచ్చింది ఆ ఇంటికే. ఆడపిల్ల పుట్టింది. గాలి తగలకూడదని నాకూ చెవుల్లో దూది పెట్టారు, తలకు గుడ్డ కట్టారు, కిటికీలు మూశారు. మా ఊళ్లోకి వచ్చేది ఎలాగూ కంపెనీ గాలే కాబట్టి కిటికీల గురించి నేను బాధపడలేదు. చూడటానికి నేనూ నాన్నా ఒకే యూనిఫాం వేసుకున్నట్టు ఉండేవాళ్లం. కాకపోతే ఆయన పడుకోవాలి, నేను పడుకోకూడదు.

బాలింత పగలు కన్ను మూస్తే ఒంటికి నీరు పడుతుందని నాయనమ్మ నమ్మకం. పాలు చల్లబడి పిల్లకు జలుబు చేస్తుందని అమ్మ నమ్మకం. ప్రేమకు మాత్రం వాళ్లు ఏ లోటూ చేయలేదు. పుల్ల తీసి పక్కన పెట్టనిచ్చేవారు కాదు. వెల్లుల్లి కారంతో నెయ్యి కారేలా అన్నం కలిపి పెట్టేవారు, ఒళ్లు రుద్ది మరుగు నీళ్లు పోసేవారు, సాంబ్రాణి పొగ వేసేవారు. నిద్ర ఒక్కటి తప్ప అడగకుండానే అన్నీ ఇచ్చారు.

నా కూతురు రాత్రంతా ఏడ్చి, తెల్లవారగానే హాయిగా పడుకునేది. సరిగ్గా అప్పుడే నాకు కాపలా మొదలయ్యేది. నాయనమ్మ పీట రెండు గదులకూ మధ్యలో ఉండేది. అటు కొడుకు నిద్ర, ఇటు మనవరాలి మెలకువ, రెండూ ఆమే చూసుకోవాలి. అరిస్తే కొడుకు లేస్తాడు, అరవకపోతే నేను పడుకుంటాను. అందుకని పాపం గుసగుసగా అరవడం నేర్చుకుంది.

“ఏయ్ బిడ్డా, కండ్లు మూస్తున్నవ్. లే, లేసి కూసో!”

అప్పటికీ లేవకపోతే కర్ర చాచి అరికాలు మీద పొడిచేది. పిల్లను చూడటానికి వచ్చిన ఆడవాళ్లకూ అదే పని అప్పజెప్పేది. “దీనితోటి జెర ముచ్చట పెట్టుండ్రి, పండనియ్యకుండ్రి” అనేది. వాళ్లు మహా ఉత్సాహంగా తమ వైపు జరిగిన కాన్పుల కథలన్నీ చెప్పేవారు. ప్రతి కథలోనూ చివరికి ఎవరో ఒకరు చచ్చిపోయేవారు.

వాళ్లతో పాటు నేనూ నవ్వేదాన్ని కానీ లోపల నాకు భయంగా ఉండేది. పిల్లను ఎత్తుకుంటే ఎక్కడ జారవిడుస్తానో అని గోడకు ఆనుకుని కూర్చునేదాన్ని. అది నా బిడ్డే అనిపించేది కాదు. ఎవరో కాసేపు చూస్తుండమని ఇచ్చి వెళ్లారు, వచ్చి తీసుకుపోతే బాగుండు అనిపించేది. అలా అనిపించినందుకు మళ్లీ ఏడుపు వచ్చేది. నేను తల్లిగా పనికిరానని నాకు ఖాయమైపోయింది. పిల్ల మీద ప్రేమ పుట్టడం లేదని ఒకరోజు ఉండబట్టలేక అమ్మతో చెప్పాను.

“అమ్మా, నాకు గీ పిల్ల మీద పావురమే అయితలేదు.”

అమ్మ బెదిరిపోయి ఉప్పు, మిరపకాయలు తిప్పి పొయ్యిలో వేసింది. ఘాటు రాలేదు కాబట్టి దిష్టి బలంగా తగిలిందని తేలింది. ఆ ముచ్చట అంతటితో అయిపోయిందని అందరూ ఊపిరి పీల్చుకున్నారు.

ఆ వారంలోనే ఒక పొద్దున నాన్న ఇంకా డ్యూటీ నుంచి రాలేదు. నాయనమ్మ స్నానానికి వెళ్లింది. అమ్మ పెరట్లో కాళ్లు చాపుకుని పిల్లకు నూనె రాస్తోంది. నేను మంచినీళ్లకని లేచాను. వెనక గది తలుపు తీసి ఉంది. లోపల చీకటిగా, చల్లగా, నాన్న పక్క పరిచి ఉంది. ఒక్క నిమిషం కూర్చుందామనే వెళ్లాను. దుప్పటి ఎప్పుడు కప్పుకున్నానో నాకు తెలియదు.

ఆ తర్వాత జరిగింది అమ్మ చెప్పగా విన్నాను. నాయనమ్మ కళ్లకు అప్పటికే పొర వచ్చింది. స్నానం చేసి వచ్చి చూస్తే దుప్పటి ముసుగు, తలకు గుడ్డ, గురక. కొడుకు వచ్చి పడుకున్నాడనుకుని తలుపు దగ్గరకు వేసి, పీట మీద కూర్చుంది. ఈలోగా అమ్మ పిల్లకు నీళ్లు పోసి పాలకు తీసుకొస్తే మంచం మీద నేను లేను. పెరట్లో లేను, పక్కింట్లో లేను. మొన్న నేనన్న మాట ఆమెకు గుర్తొచ్చిందట. పిల్లను చంకనేసుకుని నా పేరు పెట్టి కేకలు వేసింది.

“మెల్లగ!” అంది నాయనమ్మ. “పోరడు ఇప్పుడే పన్నడు.”

“నా బిడ్డ కనబడ్తలేదు అత్తమ్మా!”

“బాలింత యాడికి పోతది? వస్తది తియ్యి. నువ్వైతే గొంతు తగ్గియ్యి.”

“ఆయనను లేపుత. ఎతుకుతడు.”

నాయనమ్మ తలుపుకు అడ్డంగా కర్ర పెట్టింది. “రాత్రంత డ్యూటీ జేసొచ్చినోన్ని లేపుతవా? నా పాణం పోయినంక లేపు.”

అత్తాకోడళ్లు అలా గుసగుసగా కొట్లాడుతుండగా గేటు చప్పుడైంది. టిఫిన్ క్యారియర్ పట్టుకుని మా నాన్న లోపలికి వచ్చాడు.

“రిలీవర్ జల్దీ రాలే. వాడు వచ్చేదాక ఆన్నే నిలవడ్డ” అన్నాడు.

నాయనమ్మ ఆయనను చూసింది, మూసిన తలుపును చూసింది. “నువ్వు గీడ ఉంటే, లోపల గురక పెట్టేటోడు ఎవడు?” అని కర్ర ఎత్తి లోపలికి ఉరికి, దుప్పటి గుంజింది.

కళ్లు తెరిచేసరికి నా నెత్తి మీద కర్ర. దాని వెనక నాయనమ్మ, ఏడుస్తున్న అమ్మ, టిఫిన్‌తో నాన్న.

“నేను పండలే నాయినమ్మా” అన్నాను, అలవాటు కొద్దీ.

అమ్మ మంచం పట్టె మీద కూలబడింది. “బాయి దిక్కు పోయినవనుకున్న గదనే” అని వెక్కివెక్కి ఏడ్చింది.

బావి మాట వినగానే నాయనమ్మ కర్ర దించింది. తర్వాత నాన్నను చూపిస్తూ, నాతో చెప్పింది.

“వీడు పుట్టినప్పుడు నన్ను గుడ పండనియ్యలే. వీన్ని సంకనేసుకొని నీళ్లకు పోయిన. బాయి గట్టు మీద పండవెట్టి నీళ్లు చేదుకున్న. బిందె నెత్తిన వెట్టుకొని ఇంటికొచ్చిన. వీడు యాదికే లేడు. మళ్ల ఉరికేదాక ఆ గట్టు మీదనే ఉన్నడు. ఇయ్యాల్టిదాక ఎవ్వలకు చెప్పలే.”

“నన్నా?” అన్నాడు నాన్న.

“నిన్నే. నాకు ఇంకెవలున్నరు?”

“మరి నన్నెందుకు పండనియ్యలే నాయినమ్మా?” అన్నాను. నాకు కోపం ఆగలేదు.

“గట్లనే చెయ్యాలె అనుకున్న బిడ్డా” అంది. ఆమె గొంతు అంత దీనంగా నేనెప్పుడూ వినలేదు. అంతలోనే తేరుకుని కొడుకు వైపు తిరిగింది. “ఇది గుడ రాత్రంత డ్యూటీ జేసింది. నువ్వు పోయి ముందటి అర్రల పండుకో.”

“బాయి మీద మర్సిపోయింది సాలలేదు, ఇప్పుడు అర్రల నుంచి గుడ ఎల్లగొడ్తున్నది” అని గొణుక్కుంటూ మా నాన్న దిండు చంకన పెట్టుకుని ముందు గదిలోకి వెళ్లాడు.

అమ్మ పిల్లను నా పక్కన పడుకోబెట్టింది. తలుపు దగ్గరకు వేశారు. అది పాలు తాగుతూ తాగుతూ నిద్రపోయింది. నేను దాన్ని చేతుల్లోకి తీసుకున్నాను, జారిపోతుందన్న భయం వేయలేదు. దాని కనుబొమ్మలు అచ్చం మా నాన్నవి. ఎడమ చెవి కింద చిన్న పుట్టుమచ్చ ఉంది. పుట్టినప్పటి నుంచి నా ఒళ్లోనే ఉన్న పిల్లలో ఇవేవీ నేను చూడనే లేదు.

“పన్నవా?” అంది తలుపు అవతలి నుంచి నాయనమ్మ.

“జెర ఆగు నాయినమ్మా,” అన్నాను, “నా బిడ్డను చూసుకుంటున్న.”