వాసన చూసి చెప్పిన లిల్లీ

వనపర్తి కొత్త జిల్లా అయిన మరుసటి ఎండాకాలం, రోహిణి కార్తెలో, నన్ను గద్వాల నుంచి అక్కడికి ఉద్యాన అధికారిగా బదిలీ చేశారు. మామిడి, బత్తాయి తోటలు చూడడం నా పని. ఇంటి పెరటి మొక్కలు మా పరిధిలోకి రావు. కానీ నాకు లిల్లీలంటే పిచ్చి, దానికి తోడు కోతలు కోసే నోరొకటి. అయిజలో నేను పెంచిన లిల్లీ కాడ ఎంత ఎత్తు పోయిందంటే, కొసన గూడు కట్టిన పిట్ట దిగడానికి నిచ్చెన అడిగిందని చెప్పేవాణ్ని. "గడ్డ వాసన చూసి పువ్వు రంగు చెప్త" అనేది ఇంకో కోత. మొదటిదాన్ని ఎవరూ నమ్మలేదు. రెండోదాన్ని నమ్మారు.

నమ్మినవాళ్లలో అమరచింత భారతమ్మ ఒకరు. నేతపని చేసే ఆమె భర్త మగ్గం దిగితే కుండీల దగ్గరే ఉండేవాడట. వాన లిల్లీ, ఎర్ర లిల్లీ, స్పైడర్ లిల్లీ, ఫుట్‌బాల్ లిల్లీ అని కుండీల మీద సుద్దతో రాసుకున్నాడు. ఐదో కుండీలోది నల్లమలలో ఒక చెంచు స్నేహితుడు తవ్వి ఇచ్చిన దుంప. దాని పువ్వు చూడకముందే, చలికాలంలో ఆయన పోయాడు. నీళ్లు పోసే చెయ్యి లేక అన్నింటి ఆకులూ ఎండిపోయాయి. ఉగాదికి భారతమ్మ ఎప్పటిలాగే కుండీలకు జాజు పూసింది. ఆ ఎర్రమట్టి కింద పేర్లు పోయాయి.

"కొత్తకోటల మా చెల్లె ఇంటికి పోతున్న సారు. ఆమెది మేడ మీద అర్ర. ఒక్క కుండీకే జాగ ఉన్నది. అడవిది ఏదో చెప్పుండ్రి, గదే తీస్కపోత" అని నన్ను ఇంటికి పిలిచి కుండీలు చూపించింది.

పద్ధతి నాకు తెలుసు. మట్టి తీసి గడ్డకు పొరలున్నాయా, మెడ ఎంత పొడుగు, వేర్లు ఎక్కడినుంచి దిగాయి అన్నవి చూడాలి. అప్పటికీ తేలకపోతే పువ్వు వచ్చేదాకా ఆగాలి. కానీ వాడకట్టంతా చుట్టూ చేరింది. "సారూ, ముక్కు జర పైలం, చీమలుంటయి" అని పక్కింటి నర్సింలు నవ్వాడు. నాకు ఆ నవ్వు చాలు. వంగి ఐదింటినీ వాసన చూశాను. ఎండిన మట్టి వాసన తప్ప ఏమీ లేదు. గడ్డ బలంగా పైకి తేలిన కుండీని చూపించి, "గిదేనమ్మా, నల్లమల వాసన కొడుతున్నది" అన్నాను. ఇంకోదాంట్లో పైకి ఏమీ కనిపించలేదు. "దీంట్ల పానం లేదు, దులిపెయ్" అన్నాను.

ఆమె నా ముందే దాన్ని పెంటకుప్ప మీద దులిపింది. మిగిలిన మూడూ ఇరుగుపొరుగుకు ఇచ్చేసింది.

మృగశిర వానలు పడ్డాక కొత్తకోట మీదుగా పోతూ ఆమె చెల్లెలింటికి వెళ్లాను. కిటికీలో పువ్వు విచ్చుకుని ఉంది. ఎర్ర లిల్లీ. మా పాలమూరులో గోడల పొంట కనిపించేదే.

"నల్లమలల గూడ గిదే రకం..." అని మొదలుపెట్టాను.

"ఇగ చాలు సారు" అంది భారతమ్మ. "గిది నేను కాపురానికి వచ్చిన ఏడు మా అత్త పెట్టింది. పూస్తె నాకు తెల్వదా?" కుండీని కిటికీలో ఇంకాస్త లోపలికి జరిపి, "దులిపినప్పుడు నాగలి తీరు వంకర ముక్క ఒకటి పడ్డది. ఎండు పుల్ల అనుకున్న" అంది.

నాగలి ఆకారపు దుంప అడవినాభిది. మంటలా పూసే తీగ లిల్లీ, దుంపంతా విషం. ఎండాకాలం ఆనవాలు లేకుండా మట్టిలో నిద్రపోయి, తొలివానకు లేస్తుంది. ఇది మాకు చదువులో మొదటి ఏడాదే చెప్పిన పాఠం.

ఆ రోజే అమరచింత వెళ్లాను. వానలకు ముందే పెంటనంతా బండ్లకెత్తి పొలాలకు తోలేశారు. మూడు చేన్లకు పోయిందని నర్సింలే చెప్పాడు, ఈసారి నవ్వలేదు. మూడూ తిరిగాను. అప్పటికే గుంటక తోలి, మట్టంతా కలిపేసి ఉన్నాయి. ఎక్కడైనా మొలిచినా, పశువులు తింటాయన్న భయంతో కలుపుతో పాటు పీకి పారేస్తారు.

తిరిగి కొత్తకోట వచ్చి భారతమ్మకు ఉన్నదున్నట్టు చెప్పాను. పోనీయమని ఆమె అనలేదు. ఎర్ర లిల్లీకి నీళ్లు పోసి లోపలికి పోయింది.

ఆ తర్వాత, ముందుగానే విరమణ తీసుకునేదాకా, ఎవరు గడ్డ తెచ్చినా నేను రాసిచ్చే కాగితంలో రకం అన్న చోట "పూసిన తర్వాత" అని రాశాను. పిట్ట నిచ్చెన అడిగిన కథ ఇప్పటికీ చెప్తాను. చేతిలో గడ్డ పెడితే మాత్రం తెల్వదంటాను.