నాలుగు మూలల సున్న

నకిరేకల్ గోడల మీద ఒకప్పుడు కనిపించిన ఆ లావాటి, కోణాల అక్షరాలను మా బాపు, అంటే మా నాన్న, హైదరాబాదులో చూసి నేర్చుకొచ్చాడని మా వాళ్లంతా చెబుతారు. ఉత్తమాట. బాపు బోర్డులు రాసేవాడు, కాదనను. కానీ ఆయన రాత గుండ్రం. జిలేబీ చుట్టినట్టు ఉండేది.

యాభైల చివర్లో మా ఊరికి డేరా సినిమా వచ్చింది. చుట్టుపక్కల ఊళ్ల గోడలన్నిటి మీదా ‘నేడు రెండు ఆటలు’ అని ఒకే తీరుగా పడాలన్నాడు యజమాని. చేత్తో రాస్తే తెమలదు. రేకులో అక్షరాలు కోసి, గోడకు ఆనించి, పైన రంగు అద్దాలి. బాపు గాసునూనె డబ్బా రేకు పరిచి ఉలి పట్టాడు. సున్న చుట్టూ కోశాడో లేదో, నడుమ ముక్క ఊడి పడింది. సున్న పోయి బొక్క మిగిలింది. రెండు రేకులు అట్లాగే పాడయ్యాయి.

పక్కనే బొంత కుడుతున్న అమ్మ అంది: "గుండ్రంగ ఎందుకు కోస్తున్నవ్? సక్కగ కోసి మూలకాడ మలుపు. నడుమల జర అతుకు ఉంచు, ఊడదు."

"ఓనమాలు రానిదానివి, నాకు నేర్పుతవా?"

"సదువు రాదు. కోసుడొస్తది. ఇటియ్యి."

బొంత పేలికలను ఎవరూ గుండ్రంగా కోయరు, పోగులు పోతాయి. ఆ అలవాటుతోనే అమ్మ రేకు కోసింది. బాపు సుద్దతో గీసిన వంపులన్నీ మూలలు తేలాయి. తలకట్లు కొడవలి మొనల్లా లేచాయి. సున్నకు నాలుగు మూలలొచ్చాయి.

"ఇవి అక్షరాలా, గొడ్డలి దెబ్బలా?" అన్నాడు యజమాని. అంటూనే రోడ్డు దాటి అవతల నిలబడి చదివాడు. తడుముకోకుండా చదవగలిగాడు, తీసుకుపోయాడు. తర్వాత సోడా దుకాణం, పిండి గిర్ని, ఎన్నికల గోడలు, అన్నిటికీ అవే అక్షరాలు. పదేళ్లు రేకులు కోసింది అమ్మ. గోడ కింద సంతకం బాపుది.

మొన్న బాపు సంవత్సరీకంలో చిన్నాయన ఆ అక్షరాలు "మా అన్న హైదరాబాదుల చూసి నేర్చుకొచ్చినవి" అంటుంటే ఊరుకోలేక అడ్డం పడ్డాను.

"మీ అమ్మకు అక్షరం ముక్క రాదు గద బిడ్డా! ఆమె ఎట్ల చేస్తది?"

"నువ్వు డిగ్రీ చదివినవు గద చిన్నాయినా, ఒక్క సున్న కోసి చూపియ్యి."

అందరూ నవ్వారు. ఎవరూ ఒప్పుకోలేదు. అమ్మ బతికుంటే ఆమె కూడా నన్నే కసిరేది.

చిన్నాయన మాటలో ఒకటి మాత్రం నిజం. నేను కాలేజీ సెలవులకు వచ్చినప్పుడు బస్సులోంచి గోడలు చూపించి, "గా మూల జర ఎక్కువ తెగింది" అనేది అమ్మ. అక్కడ ఏం రాసి ఉందో ఆమెకు తెలియదు. బోర్డులు రాసే మొగుడు, కాలేజీ చదివే బిడ్డ, ఇద్దరమూ ఆ ఇంటివాళ్లమే. ఆమె కోసిన అక్షరం పేరేమిటో ఆమెకు చెప్పాలని పదేళ్లలో మాలో ఒక్కరికీ ఎందుకు తోచలేదు?