చాకిరేవు దగ్గరి రెండు పేజీలు

నాకు కుదురుగా కూర్చోవడం చేతకాదు. కడప నుంచి మా అమ్మ ఫోన్ చేసినప్పుడల్లా "కాలుగాలిన పిల్లి మాదిరి తిరుగుతాండావా?" అని అడుగుతుంది. తిరుగుతూనే మాట్లాడతాను కాబట్టి కాదని అనలేను. పుస్తకాల దగ్గరా ఇదే వరస. పాత కాలంలో జరిగిన హత్య చుట్టూ అల్లిన కొత్త నవల ఏది వచ్చినా వదలను. కానీ మొదట్లో శవం, చివర్లో హంతకుడు, మధ్యలో ఎవరెవరు అబద్ధమాడారు, అంతవరకే చూస్తాను. వంటలు, వీధులు, బట్టలు వర్ణించే పేజీల్ని వేలితో తోసేస్తాను.

అయినా క్యాంపస్‌లో ఈ నవలల విషయంలో పెద్దమనిషిని నేనే. "అక్కా, కొత్తగ వచ్చినవాట్ల చదవదగ్గవి చెప్పరాదే" అని జూనియర్లు లైబ్రరీ మెట్ల దగ్గర ఆపితే, నిలబడే నాలుగైదు చెప్పేదాన్ని. ఓడరేవులో బట్టల వర్తకుడు మాయమైన కథ బాగుందనేదాన్ని. కోటలో గడియారం బాగుచేసే ముసలాయన నేరం పట్టే నవలకు ముగింపు అదిరిందనేదాన్ని. ముగింపు నిజంగానే చదివాను మరి.

మా మేడమ్ ఈ నవలలంటే ప్రాణం పెడతారు. చరిత్రలో నా పీహెచ్‌డీకి ఆమే గైడు. రిటైరై తార్నాకలోనే ఉంటున్నారు. ఏడాదిగా చూపు తగ్గుతూ తగ్గుతూ ఇప్పుడు అక్షరాలు బొత్తిగా కనబడవు. వారానికి మూడు సాయంత్రాలు వచ్చి చదివి వినిపిస్తానని నేనే చెప్పాను. ప్రేమతోనే చెప్పాను. తీరా కూర్చున్నాక పావుగంటకే ఒళ్లంతా చీమలు పాకేవి. కిటికీలోంచి లాలాపేట్ వైపు పోయే బస్సు కనబడితే అందులో ఎక్కి ఎటైనా పోవాలనిపించేది. ఆమె మాత్రం కళ్లు మూసుకుని, ఒళ్లో చేతులు పెట్టుకుని, ఒక్క మాట పోనివ్వకుండా వినేవారు.

ఆ శనివారం నాకు మరీ నిలకడ లేదు. సోమవారం థీసిస్ ఇవ్వడానికి ఆఖరు రోజు. రెండుసార్లు గడువు పెంచారు, ఇంక పెంచరు. బైండు చేయించిన ప్రతి నా సంచీలో ఉంది. మేడమ్ సంతకం ఒక్కటే మిగిలింది. నవల ఇంకో ముప్పై పేజీలుంది, అది పూర్తయ్యాకే సంతకం అన్నారు ఆమె. సరేనని మొదలుపెట్టాను.

అది మూసీ వరదల నాటి హైదరాబాదులో జరిగే కథ. ఒక వైద్యుడి ఇంట్లో హత్య. చివర్లో నేరం బయటపెట్టే మనిషి అందర్నీ కూర్చోబెట్టి, హత్య నాటికి వైద్యుడి కోటు చాకిరేవు నుంచి ఇంటికి తిరిగి రాలేదని, కాబట్టి ఆ రోజు ఆ కోటు తొడుక్కుని కనబడినవాడు దాన్ని రేవులోంచే ఎత్తుకొచ్చిన వేరే మనిషని, వైద్యుడు కాదని చెప్తాడు. నేను గొంతు పెంచి బాగా చదివాను.

మేడమ్ కళ్లు తెరిచారు. "ఆగు. గా కోటు ముచ్చట ఏంది? ఎప్పుడొచ్చింది?"

"ముందే వచ్చింది మేడమ్."

"వస్తే నాకు యాదుండేది. కండ్లు పోయినయ్ గని చెవులు మంచిగనే ఉన్నయ్. చాకిరేవు ముచ్చట నువ్వు చదవలే."

వెనక్కి తిప్పాను. చాకిరేవు మీద రెండు పేజీలున్నాయి. ఎవరి మూట ఏ రోజు వచ్చింది, ఏ రోజు ఎండింది, వరద ముందు ఏవి ఆగిపోయాయి, అంతా వరసగా ఉంది. గురువారం ఆ పేజీల దగ్గర నాకు బస్సు హారన్ వినబడింది. రెండూ దాటేశాను.

"రాసినోడు హంతకుణ్ణి అండ్లనే దాచిపెట్టిండు," అన్నారు మేడమ్. తిట్టలేదు. కొంచెం నవ్వారు కూడా. "ఎప్పుడు ఇట్లనే చదువుతవా బిడ్డా?"

ఆమె అడిగింది నవలల గురించే. కానీ గుమ్మడికాయల దొంగెవరంటే భుజాలు తడుముకున్నట్టయింది నాకు. సంచీలో ఉన్న థీసిస్ గుర్తొచ్చింది.

నా మూడో అధ్యాయం తెల్లదొరల కాలం నాటి ఒక ఆడమనిషి మీద. కరువు ఏడాదిలో ఊరిపెద్ద ధాన్యం కొట్టును తగలబెట్టిందని ఆమెకు జైలు పడింది. తాలూకా రికార్డుల బస్తాలో ఆ ఫైలు నాకు దొరికినప్పుడు ఎగిరి గంతేశాను. ముందు టైపు చేసిన ఇంగ్లీషు తీర్పు ఉంది, పదకొండు పేజీలు. వెనక గొలుసుకట్టు రాతలో, అంటే అక్షరాన్ని అక్షరానికి తగిలించి కలం ఎత్తకుండా రాసే పాత తెలుగులో, నలభై కాగితాలున్నాయి. తీర్పులో "ముద్దాయి తరఫు కాగితాలు చూశాము, వాటిలో విషయం లేదు" అని ఒక్క ముక్క ఉంది. నాకు అది చాలింది. కాగితాలన్నీ ఫోన్‌లో ఫోటోలు తీసుకుని చదవకుండా వదిలేశాను. అధ్యాయాన్ని మాత్రం ఇలా మొదలుపెట్టాను: "ఆ కొట్టుకు నిప్పు పెట్టింది ఆమే." ఆకలి మీద తిరగబడ్డ ధీరగా ఆమెను నిలబెట్టాను. ఆ వాక్యం చదివి సెమినార్లో చప్పట్లు కొట్టారు.

"మేడమ్, ఆ ఫైలు వెనక కాగితాలు నేను చదవలేదు," అన్నాను.

ఆమె కుర్చీ నా వైపు జరుపుకున్నారు. "ఫోటోలున్నయా? తియ్యి."

నాకు కళ్లున్నాయి, ఆ రాత రాదు. ఆమెకు రాత వచ్చు, కళ్లు లేవు. నేను అక్షరాల ఆకారం చెప్తుంటే ఆమె అరచేతి మీద వేలితో గీసుకుని మాట చెప్పేవారు. "తోక కిందికా, పక్కకా? సరిగ చూడు." మొదటి కాగితానికే నలభై నిమిషాలు పట్టింది. నాలుగుసార్లు లేచి నిలబడ్డాను. నాలుగుసార్లూ "కూసో" అన్నారు. రాను రాను వేగం పెరిగింది, ఆదివారం పొద్దున్నే మళ్లీ వెళ్లాను. మధ్యాహ్నానికి పంతొమ్మిదో కాగితం దగ్గరికి వచ్చాం. అది కరువు పనుల హాజరు పట్టీ. రోడ్డుకు కంకర కొట్టే కూలీల పేర్లు ఎడమవైపు, తిథులు పైన. ఆ పని జరిగిన చోటికి ఊరి నుంచి రెండు రోజుల నడక.

కొట్టు తగలబడింది అదే నెల బహుళ ఏకాదశి నాడని తీర్పులోనే ఉంది. పట్టీలో ఆమె పేరు, మొగుడి పేరు, ఊరు స్పష్టంగా ఉన్నాయి. వేలు పెట్టి గడి గడీ జరిపాను. నవమి, హాజరు. దశమి, హాజరు. ఏకాదశి, హాజరు. ద్వాదశి, హాజరు. అమావాస్య దాకా హాజరే. ఆ తర్వాత గడులు ఖాళీ. ఆమెను పట్టుకుపోయింది అమావాస్య మర్నాడే.

నాకు ఏడుపొచ్చింది. తన దగ్గరున్న ఒకే ఒక్క రుజువును ఆమె కోర్టుకు ఇచ్చుకుంది. దాన్ని వాళ్లు చదవలేదు. ఇన్నేళ్లకు ఆ కాగితం నా చేతికొస్తే నేనూ చదవలేదు. పైగా ధీర అని పేరు పెట్టి, చేయని నేరాన్ని మళ్లీ ఆమె నెత్తినే వేశాను.

మేడమ్ చెయ్యి చాపారు. "థీసిస్ ఇట్ల తే. ఇప్పుడు చెప్పు, సంతకం పెట్టమంటవా?"

పెట్టమంటే పెట్టేవారేమో, నాకు ఇప్పటికీ తెలియదు. "వద్దు మేడమ్," అన్నాను. సోమవారం డిపార్టుమెంటుకు వెళ్లి, థీసిస్ ఇవ్వలేనని కారణంతో సహా రాసిచ్చి వచ్చాను. ఇంకో గడువు ఇస్తారో, రిజిస్ట్రేషనే తీసేస్తారో ఇంతవరకూ చెప్పలేదు.

నిన్న లైబ్రరీ మెట్ల దగ్గర ఒక జూనియర్ మళ్లీ చదవదగ్గవి అడిగింది. వరదల నవల ఒక్కటే చెప్పి, చాకిరేవు పేజీలు దాటొద్దన్నాను. తర్వాత లోపలికెళ్లి మూడో అధ్యాయం తెరిచి మొదటి వాక్యం కొట్టేశాను. దాని చోట ఇలా రాశాను: "ఏకాదశి నాడు ఆమె కంకర కొడుతూ ఉంది."