పడవ ముక్కు మీద కూర్చున్న మనిషి

దయ్యాలున్నాయని నేను ఏనాడూ నమ్మలేదు. మా ఇంట్లో ఆ మాట ఎత్తితే నాన్న ముందు ప్రార్థన చేసి, తర్వాత వీపు మీద ఒకటిచ్చేవారు. ఆ రెండింట్లో దేనివల్లనో గానీ భయం పోయింది. పైగా నేను నెల్లూరులో సైన్సు మాస్టర్ని. అందుకే ఈ సంగతి ఇన్నేళ్లు ఎవరికీ చెప్పలేదు.

అరవైల మొదట్లో, వేసవి సెలవుల్లో, తడ దగ్గర పడవెక్కి పులికాట్ సరస్సులోని ఒక దీవికి వెళ్లాం. నేను, నా భార్య సుగుణ, ఐదేళ్ల మా పాప, మా అక్క, బావ. పడవ పోలయ్య అనే జాలరిది.

బావ టైలరు. పది ప్రశ్నలకు ఒక జవాబిచ్చే మనిషి. నోట్లో గుండుసూదులు పెట్టుకొని మర్చిపోయావా బావా అని ఎగతాళి చేసేవాణ్ణి. ఆయన నవ్వేసి ఊరుకునేవాడు. మా ఇంట్లో ఆయన ఉన్నాడో లేడో చూసి మాట్లాడే అలవాటు ఎవరికీ లేదు. ఇప్పుడు రాస్తుంటే సిగ్గుగా ఉంది.

ఆ ప్రయాణం ఆయన ఆలోచనే. కిరసనాయిల్ డబ్బా పైనా కిందా కోసి, ఒక వైపు అద్దం బిగించి, అంచులకు తారు పూశాడు. అద్దం వైపు నీళ్లలో ముంచి చూస్తే అడుగున నాచు, పీతలు, చేపపిల్లలు అన్నీ కనిపిస్తాయి. పాపకు చూపించాలని నెల రోజులు దాని మీదే కూర్చున్నాడు.

పోలయ్యకు ఒక పద్ధతి ఉంది. పడవలో మనుషులను లెక్కపెట్టడు. లెక్కపెడితే ఒకరు తగ్గుతారని వాళ్ల నమ్మకం. అందుకని నీళ్లలోకి దిగేవాళ్లు ఎవరి తుండుగుడ్డ వాళ్లు తెరచాప కొయ్యకు కట్టాలి. పైకి వచ్చాక ఎవరిది వాళ్లే విప్పుకోవాలి. కొయ్యకు గుడ్డ లేకపోతే అందరూ ఎక్కినట్టు.

దీవి దాటాక, నడుములోతు నీళ్ల దగ్గర పడవ ఆపాడు. పాపను ఎత్తుకొని అందరం దిగి వంతులవారీగా డబ్బాలో చూశాం. బావ వంతు చివర వచ్చింది. మేం ఎక్కుతుంటే, ఒక్క నిమిషం అన్నట్టు వేలు చూపించి, డబ్బా పట్టుకొని దూరంగా నడిచాడు.

ఇంతలో సముద్రపు గాలి లేచింది. పాప వణికింది. దాని గుడ్డ తడిసిపోయింది. కొయ్య మీద పొడిగా ఉన్న గుడ్డ కనిపిస్తే విప్పి కప్పాను. అది బావది. పోలయ్య కొయ్య వైపు చూసి, తెరచాప ఎత్తి, గెడ వేశాడు.

నేనెందుకు ఆపలేదని మీరడగవచ్చు. బావ పడవలోనే ఉన్నాడు. ముక్కు మీద, మాకు వీపు పెట్టి కూర్చున్నాడు. తడిసిన బనీను ఒంటికి అతుక్కుపోయి ఉంది. నేను పలకరించాను, బదులు రాలేదు. అదేమీ వింత కాదు.

అక్క పులిహోర పొట్లం అందిస్తూ, "ఏమండీ, తినండి, పొద్దుపోయింది," అంది. తల తిప్పకుండానే చెయ్యి వెనక్కి చాపి అందుకున్నాడు. సుగుణ కూడా చూసింది.

ఒడ్డుకు చేరి పాపను దింపి వెనక్కి తిరిగాను. ముక్కు మీద ఎవరూ లేరు. ఆయన కూర్చున్న చెక్క తడిగా ఉంది. దాని మీద ఖాళీ ఆకు, తిన్నవాళ్లు మడిచినట్టు మడిచి ఉంది.

పోలయ్య పాప ఒంటి మీద గుడ్డ చూశాడు. "ఎవరు విప్పినారు సారూ దీన్ని?"

"నేనే," అన్నాను.

ఇంకేమీ అడగకుండా పడవ తిప్పాడు. నేనూ ఎక్కాను. ఒడ్డున అక్క ఏడవలేదు. ఆయనకు అన్నం పెట్టానని, తన చేత్తోనే పెట్టానని చెబుతూనే ఉంది.

మేం వెళ్లేసరికి పోటు నీళ్లు బావ గడ్డం దాకా వచ్చాయి. వల కట్టే గుంజను వాటేసుకొని ఉన్నాడు. ఈత రాదు. డబ్బా ఎప్పుడో కొట్టుకుపోయింది. అరిచి అరిచి గొంతు పోయింది. దేవుడి దయ, బతికాడు.

ఎండకు కళ్లు చెదిరాయని అనుకుందామంటే ముగ్గురికీ ఒకేలా ఎలా చెదురుతాయి? పోలయ్యను అడిగితే, తాను కొయ్యనే చూశానన్నాడు.

రెండేళ్ల తర్వాత బావ తన కొట్లో నాకు చొక్కా కొలతలు తీస్తూ, ఉన్నట్టుండి నోరు విప్పాడు.

"నన్ను మర్చిపోయినారంటే బాధ లేదు దావీదూ. మర్చిపోతే మళ్లీ గుర్తొస్తుంది. మీకు నేను తక్కువే పడలేదు గదా."

ఆయన టేపు నా భుజం మీదికి జరిపి, అంకె రాసుకున్నాడు.

ఇప్పుడాయన లేడు. ఆ రోజు పడవ ముక్కు మీద కూర్చున్నదెవరో నాకు ఈనాటికీ తెలియదు. తెలిసినా, బావకు నేను చెప్పాల్సిన జవాబు అది కాదు. లేచి నాలుగడుగులు వేసి, ఆ మనిషి ముఖం చూసి ఉండాల్సింది. చూడాలని నాకు తోచనే లేదు.