పరగడుపున పరీక్ష

ఇలా దగ్గరికి జరిగి కూర్చోండి, ఆ దుప్పటి కాళ్ల మీద వేసుకోండి. నేను చదివింది ఐదో తరగతే గానీ, చూసింది మరచిపోయే రకం కాదు.

మా కోడలు అమెరికాలో, కేన్సస్ రాష్ట్రంలో ఒక చిన్న ఊరి క్లినిక్‌లో నర్సు. నేనుండేదీ వాళ్ల దగ్గరే. ఆష్‌బర్న్ పట్నంలో మా పెద్దమ్మాయి ఇంటి దగ్గర ఏ మలుపు తిరిగినా డాక్టరే. ఇక్కడ మలుపే లేదు, మొక్కజొన్న చేల మధ్య రోడ్డు తాడు పట్టి లాగినట్టు పోతుంది. ఆడవాళ్ల డాక్టరు కావాలంటే రెండున్నర గంటలు కార్‌లో పోవాలి. అందుకని గర్భసంచి ముఖద్వారం క్యాన్సర్ పరీక్షకి మూడు నెలలకోసారి ఒక వ్యాను మా చర్చి పార్కింగ్‌కే వచ్చేది. మా తెలుగువాళ్లు ఒక్కరూ ఎక్కేవారు కారు.

చుట్టుపక్కల ఊళ్లన్నిటికీ కలిపి తెలుగిళ్లు ఏడు. అందరం కోస్తా వాళ్లమే. శనివారాలు ఆ చర్చి హాల్లో తెలుగులో ప్రార్థన చేసుకుంటాం. మాలో హైవే పక్క మోటెల్లో పనిచేసే అమ్మాయి ఒకతె. అమ్మాయంటే నలభై ఆరేళ్లు, నా కళ్లకి అమ్మాయే. వాళ్లమ్మ ఆ క్యాన్సర్‌తోనే పోయింది. ఈ పిల్ల మాత్రం ఒక్కసారీ పరీక్ష చేయించుకోలేదు. నాకదే గుండెల్లో ముల్లు.

"ఈ శనివారం వ్యాను వస్తోందే, రా" అన్నాను ఫోన్లో.

"శనివారం చెకౌట్లు ఎక్కువ, గదులన్నీ సర్దాలి పిన్నిగారూ."

"పోయినసారి వ్యాను మంగళవారం వస్తేనూ అదే అన్నావు."

"ఏదన్నా ఉందంటే, ఆ తర్వాత నాకు అన్నం ఎలా దిగుద్ది? అసలు మా ఆయనకి ఏమని చెప్పి రాను?"

నేను చేసిన పొరపాటు ఇక్కడే. పరీక్ష అంటే పరగడుపే కదా అనుకున్నాను. మా ఊళ్లో రక్తం తీయాలంటే మంచినీళ్లు కూడా ముట్టనిచ్చేవారు కారు. కోడల్ని అడగకుండానే ఏడిళ్లకీ చెప్పేశాను, పొద్దున ఏమీ తినకుండా రమ్మని.

"ఉపవాసమా?" అంది మోటెల్ పిల్ల. గొంతు మారింది. "అయితే ఉపవాస ప్రార్థన అని చెప్పి వస్తాను."

అబద్ధమేం కాదు. ప్రార్థనా చేసుకుంటాంగా.

శనివారం తొమ్మిదిమంది వాడిన ముఖాలతో దిగారు. కోడలు చూసి తెల్లబోయింది.

"అత్తయ్యా, ఈ టెస్ట్‌కి ఫాస్టింగ్ అని ఎవరు చెప్పారు?"

"నేనే."

"కడుపుకీ దీనికీ ఏంటి సంబంధం?"

"పక్కపక్కనేగా ఉండేది" అన్నాను. ఆకలి మీద కూడా అందరూ నవ్వారు.

కోడలు చేత్తో చూపిస్తూ చెప్పింది. బల్లమీద పడుకోనక్కర్లేదు, మెత్తటి కొస ఉన్న పుల్ల ఇస్తారు, తెర వెనక ఎవరి నమూనా వాళ్లే తీసుకోవచ్చు.

"ఈ మాట ముందే చెప్పొచ్చుగా?" అంది ఒకావిడ.

"చెబుతుంటే మీరే ఫోన్ పెట్టేశారు ఆంటీ. అత్తయ్యా, ముందు మీరు పదండి."

"నేనెందుకే? నా దుకాణం ఎప్పుడో కట్టేశారు."

"కట్టేసిన దుకాణానికీ తాళం చూసుకోవాలి. అరవై అయిదు దాకా చేయించుకోవాలి, మీకు అరవై రెండే."

కుచ్చెళ్లు దోపుకుని వెళ్లాను, వచ్చాను. మోటెల్ పిల్ల చివరి కుర్చీలో కారు తాళాలు పట్టుకునే కూర్చుంది.

"నొప్పెట్టిందా పిన్నిగారూ?"

"ముక్కు కుట్టించుకున్నప్పుడు పదింతలు పెట్టింది."

తాళాలు నా ఒళ్లో పడేసి లోపలికి వెళ్లింది. తర్వాత నేను తెచ్చిన పెరుగన్నం, ఆవకాయతో ఉపవాసం విడిచాం.

రెండు వారాలకి ఆ పిల్ల మా వంటింట్లో కూర్చుని ఉంది. ఆ క్యాన్సర్ తెచ్చే వైరస్ ఉందని పరీక్షలో వచ్చింది. "వైరస్ అంటే క్యాన్సర్ కాదక్కా, దగ్గరగా చూడాలి, అంతే" అని కోడలు చేయి పట్టుకుంది. ఆ సాయంత్రం మొగుడికి అంతా చెప్పింది. అతను "నాకూ చెప్పుంటే నేనూ ఉపవాసం ఉండేవాణ్ని కదే" అన్నాడట.

పెద్ద డాక్టరు దగ్గరికి అతనే కారు నడిపాడు. వెనక సీట్లో నేను. మార్పు వచ్చిన చోటు కనబడింది. ఇంకా క్యాన్సర్ కాలేదు. ఇంకో రోజు రమ్మని ఆ కాస్తా తీసేశారు. చెప్పిన గడువుకల్లా చూపించుకుంటోంది. ఈ కథ నలుగురికీ చెప్పమన్నదీ ఆ పిల్లే.

ఇప్పుడు వ్యాను వచ్చిన రోజు, పరీక్ష వంతు ఉన్నా లేకపోయినా, మా ఆడవాళ్లంతా పరగడుపునే వస్తారు. తినేసి రండని కోడలు మొత్తుకుంటూనే ఉంటుంది. నేను కంచాలు లెక్కగా పెడతాను. ఒక కంచం మిగిలిందంటే ఎవరు రాలేదో తెలిసిపోతుంది, వెంటనే ఫోన్ చేస్తాను.

మీ ఇల్లు చల్లగా ఉండాలి బిడ్డలారా. మీ ఇంట పెట్టిన ఏ కంచం ముందూ మనిషి లోటు రాకూడదు.